ఎడమ పక్క మెలి పన్ను

మే 4, ఆదివారం

ఈయనకి ఆఫీసు లక్కీ డ్రాలో బహుమతి తగిలింది. ప్రెషర్ కుక్కర్ వస్తుందని ఆశపడ్డాను. వచ్చింది రెండు టికెట్లు. రాజధాని నగరంలో కాలినడకన టూర్, దారి పొడుగునా తిండి, మధ్యమధ్య సంస్కృతి, గైడ్‌తో సహా. నేను పుట్టింది ఈ రాజధానిలో, పెరిగింది ఇందులో, రోజూ రెండు బస్సులు మారి ఉద్యోగానికి పోయేది ఇందులో. నా ఊరు నాకు ఇంకొకరు చూపించాలా? కాలికి ఆనె అని ఈయన తప్పుకున్నారు. ఆ ఆనె గురించి పెళ్ళయినప్పటి నుంచి వింటున్నాను. అవసరాన్ని బట్టి కాలు మారుతుంటుంది.

అత్తయ్య మాత్రం తెల్లారకముందే తయారు. ఊరికే పెట్టే తిండి కాదనకూడదట. పైగా బయటివాళ్ళు ఎంత ఘోరంగా వండుతున్నారో ఓసారి చూసి రావాలట.

నేను మనుషుల మొహాలు చూడను, నోళ్ళు చూస్తాను. నా పని అలాంటిది. కట్టుడు పళ్ళ లాబ్‌లో పదేళ్ళు దాటింది. డాక్టర్లు కొలతలు పంపుతారు, మేం పళ్ళు చేసి పంపుతాం. అవి ఎవరి నోట్లోకి పోతాయో, ఏం నములుతాయో, ఎవరిని తిడతాయో మాకు తెలియదు. మాకు తెలిసింది కేసు నంబరూ, ప్లాస్టర్ దవడా. అందుకని టూర్‌లో అందరూ కోటలూ గోడలూ చూస్తుంటే నేను వాళ్ళు నమలడం చూశాను. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఉంది. అబ్బాయి కుడివైపే నములుతున్నాడు. ఎడమవైపు పుచ్చు గ్యారంటీ. పెళ్ళికి ముందు చెప్పి ఉండడు.

గైడ్ అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. ఆవిడ నోరు విప్పగానే అత్తయ్య నా చెయ్యి గిల్లింది, ఈ గొంతు ఎక్కడో విన్నామే అని. విన్నాం మరి. రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌గా చేసి రిటైరయిందట. అన్నేళ్ళూ ఊరంతా నా గొంతు విన్నారు కానీ మొహం చూసినవాళ్ళు లేరండీ, ఇప్పుడు చూపిద్దామని ఈ పనిలో చేరాను అంది. చేరి నెల కూడా కాలేదట, ఇంకా ట్రయల్ మీదే ఉందట. అత్తయ్య అక్కడికక్కడే అనౌన్సరమ్మ అని పేరు పెట్టేసింది.

బాగా చెబుతుంది. రొట్టెల భట్టీ దగ్గర ఒక కథ చెప్పింది. ఆ భట్టీలో నిప్పు తరతరాలుగా ఆరలేదట. దుకాణం ఎదురు వరసలోకి మారినప్పుడు యజమాని నిప్పుని కుండలో పెట్టుకుని రోడ్డు దాటాడట. ఆ కాసేపూ పోలీసు ట్రాఫిక్ ఆపాడట. రోజూ ఆ భట్టీ ముందునుంచే బస్సెక్కుతాను. ఒక్కనాడూ తల తిప్పి చూసిన పాపాన పోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే.

మా లాబ్ ఉన్న సందు మొదట్లోంచి దాటిపోయాం. ఇటు చూపించరా, మా కోడలు ఇక్కడే పనిచేస్తుంది అని అత్తయ్య ఆగింది. నేనే లాక్కుపోయాను. మా సందులో చూడ్డానికేముంది? మెట్ల కింద సైకిళ్ళు, మేడ మీద మేము.

గడియార స్తంభం దగ్గర అసలు సంగతి జరిగింది. దానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలు, నాలుగు టైములు. ఏది కరెక్టు అని కొత్త పెళ్ళికూతురు అడిగింది. మీకు ఆకలి వేసినట్టు ఏది చూపిస్తే అదే కరెక్టు అని అనౌన్సరమ్మ ఫక్కుమని నవ్వింది. అప్పటిదాకా పెదాలు బిగబట్టి మాట్లాడిన మనిషి మొదటిసారి పైవరస కనిపించేలా నవ్వింది. ఎడమ పక్క రెండో పన్ను కాస్త మెలి తిరిగి ఉంది.

నేను గడియారాలు వదిలేసి ఆ పన్ను వైపే చూశాను.

మే 4, సాయంత్రం

ఆ పన్ను నాది. అంటే ఆవిడదే, పెట్టింది నేను. ఏప్రిల్‌లో ఒక కేసు వచ్చింది. పై వరసా కింది వరసా మొత్తం. అందరూ మల్లెమొగ్గల్లా పెట్టమంటారు. ఈ మనిషి మాత్రం ఎడమ రెండో పన్ను కొంచెం మెలి తిప్పి పెట్టమని చెప్పి పంపింది, తన సొంత పన్ను అలాగే ఉండేదట. వంకర కావాలని అడిగినవాళ్ళని ఈ పదేళ్ళలో చూడలేదు. ముచ్చటేసి ఆ ఒక్క పన్ను మీద పూటంతా కూర్చున్నాను.

కానీ ఆ కేసు పూర్తి కాలేదే?

మే 5, సోమవారం

నిజమే, పూర్తి కాలేదు. ప్లాస్టర్ దవడలు ఇంకా అరమీద ఉన్నాయి, మాస్టారి తల మీద దుమ్మున్నట్టే వాటి మీదా దుమ్ముంది. మాస్టారంటే మా లాబ్ ఓనరు. ఆ అర వైపు చూసినప్పుడల్లా గొణుగుతారు.

జరిగింది ఇది. పళ్ళ సెట్టు ఒక్క దఫాలో తయారవదు. ముందు పళ్ళని మైనంలో గుచ్చి ట్రయల్‌కి పంపుతాం. డాక్టరు నోట్లో పెట్టి చూసి సరే అంటే అది వెనక్కి వస్తుంది. అప్పుడు మైనం తీసేసి గట్టి చిగురు పోస్తాం. ఈ కేసులో మైనం సెట్టు క్లినిక్‌కి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పేషెంటు ఇంట్లో చూపించి రేపు తెచ్చేస్తానని అడిగి పట్టుకుపోయిందట. ఆ రేపు ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని క్లినిక్‌లో అమ్మాయి చెప్పింది.

అంటే అనౌన్సరమ్మ మైనం పళ్ళతో ఊరు తిప్పుతోంది. మే నెలలో. టూర్ దారిలో ఆగే వేడి సూప్ బండి పక్కన, రొట్టెల భట్టీ ముందు నిలబడి!

నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. మాస్టారికి చెప్పలేదు. చెబితే ఆయన క్లినిక్ మీద పడతారు, క్లినిక్ వాళ్ళు ఆవిడ మీద పడతారు.

మే 6, మంగళవారం

ఈ ఎండకి బస్సు సీటు కూడా మెత్తబడింది. పాపం, ఆవిడ ఎలా ఉందో.

మే 7, బుధవారం

అత్తయ్యకి చెప్పేశాను. కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. తర్వాత గబుక్కున ఆపేసి, అందుకేనే ఆవిడ ఏమీ తినలేదు అంది. నేను నోళ్ళు చూసే మనిషిని, నాకే తట్టలేదు. ప్రతి చోటా మాకు వడ్డించి, ఆహా ఓహో అని, తను మాత్రం చల్లటి నీళ్ళు తాగింది.

వెళ్ళి విషయం అడిగేస్తానన్నాను. అత్తయ్య నా నెత్తిన మొట్టికాయ వేసినంత పని చేసింది. ఆడమనిషిని పట్టుకుని నడివీధిలో నీ పళ్ళు మైనానివా అని అడుగుతావటే, నీకు మొగుడు దొరకడమే మా వాడి అమాయకత్వం అంది. ముందు ఇంకోసారి వెళ్ళి చూద్దామంది. ఈసారి టికెట్లు ఆవిడే కొంటుందట. అత్తయ్య పర్సు తీసిందంటే సంగతి చిన్నది కాదు.

మే 8, గురువారం

సాయంత్రం టూర్‌కి మళ్ళీ వెళ్ళాం. ఒక గంట ముందు బయటపడడానికి మాస్టారికి పంటి నొప్పి అని చెప్పాను. పళ్ళ లాబ్‌లో ఇంతకంటే తెలివితక్కువ అబద్ధం ఉండదు. నోరు తెరవమన్నారు. పారిపోయాను.

ఈసారి కళ్ళు పెట్టుకుని చూశాను. సూప్ బండి దగ్గర ఆవిడ ఆవిరి తగలకుండా గాలివాలు చూసుకుని నిలబడుతుంది. ఈ రాజధానిలో ఇంతకంటే మంచి సూప్ లేదు అని కంపెనీవాళ్ళు నేర్పిన మాట చెప్పి రెండడుగులు వెనక్కి వేస్తుంది. జ్యూస్ కొట్టు దగ్గర ఐసు ముక్క అడిగి బుగ్గన పెట్టుకుంటుంది. మైనం గట్టిపడడానికి! ఎంత తెలివి! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

గుంపులో ఒకాయన ఉన్నాడు. ప్రతిదానికీ తీర్పు చెబుతాడు. రోడ్డు బాలేదు, రొట్టె మాడింది, గడియారం తప్పు. ఆయన సూప్ గిన్నె పట్టుకుని, మీరు తినరేం, ఇందులో ఏమైనా ఉందా అని అడిగేశాడు. కడుపులో బాగాలేదండీ అని ఆవిడ అంది. మొన్న కూడా తినలేదని మా బావమరిది చెప్పాడే, వాడికి పెట్టినప్పుడూ కడుపులో బాగాలేదా అని పట్టుకున్నాడు. అందరూ గిన్నెల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు. అనౌన్సరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అత్తయ్య గుంపుని చీల్చుకుని ముందుకెళ్ళి, గైడ్ వాటా గిన్నె అందుకుని, అది నా కోసం ఆపింది లెండి, నాకు ఒక గిన్నె సరిపోదు అని గటగటా తాగేసింది. వేడి వేడిది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా గిన్నె దించలేదు. తీర్పుల ఆయన ఫోన్ తీసి ఏదో టైపు చేసుకున్నాడు.

చివర్లో నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఏదో నెమ్మదిగా మొదలుపెడదామనుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట: మీ పళ్ళు చాలా బాగున్నాయండీ. ఆవిడ టక్కున నోరు మూసేసి, వస్తానని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

దారంతా అత్తయ్య తిట్లు. ఒక్కటీ అన్యాయం కాదు.

మే 10, శనివారం

ఎవరైనా వచ్చి నాతో మీ పళ్ళు బాగున్నాయి అంటే నేనైనా పరిగెత్తుతాను.

మే 11, ఆదివారం

చాలా రాయాలి. చేతికి ఇంకా మైనం వాసన.

పొద్దున టూర్. మూడోసారి. మమ్మల్ని చూసి అనౌన్సరమ్మ ముందు జంకింది, తర్వాత అత్తయ్యకి మాత్రం నవ్వు మొహం పెట్టింది. ఎండ పొద్దున్నే పేలిపోతోంది. జ్యూస్ కొట్టు ఇవాళ మూసేసి ఉంది. ఐసు లేదు. అదొక్కటి చూడగానే ఇంకెక్కడైనా ఐసు దొరుకుతుందేమోనని వీధి రెండు పక్కలా వెతికాను.

రొట్టెల భట్టీ దగ్గర నిలబడ్డాం. భట్టీవాడు అప్పుడే మూత తీశాడు. సెగ మా వరకూ కొట్టింది. ఆవిడ నిప్పు కుండ కథ మొదలుపెట్టింది. యజమాని కుండ ఎత్తుకున్నాడు, రోడ్డు మీదికి వచ్చాడు, పోలీసు చెయ్యి ఎత్తాడు. అంతే, మాట ఆగిపోయింది. చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. పన్ను ఒరిగిందని నాకు తెలిసిపోయింది. ఏ పన్నో కూడా తెలుసు. మెలి తిప్పిన పన్నుకి పక్కవాటి ఆసరా తక్కువ.

జనం చూస్తున్నారు. ఒకావిడ నీళ్ళు ఇవ్వబోయింది. ఇంకొకాయన డాక్టర్ని పిలవాలా అన్నాడు. ఇంకో నిమిషం అలాగే నిలబడి ఉంటే ఉద్యోగం పోయినట్టే.

నేను అత్తయ్యని చూశాను. అత్తయ్య నన్ను చూసింది. ఈ ఇంట్లో కాపురానికి వచ్చాక మేమిద్దరం మాట లేకుండా ఒక విషయం మీద ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. మిగతాది నేను చెబుతా, రెండుసార్లు విన్నా అని అత్తయ్య భట్టీ అరుగెక్కేసింది. నేను అనౌన్సరమ్మ మోచెయ్యి పట్టుకుని దుకాణం వెనక కుళాయి దగ్గరికి నడిపించాను.

అక్కడ చెప్పేశాను. అమ్మా, ఆ పళ్ళు గుచ్చింది నేనే. ఎడమ రెండోది మెలి తిప్పమన్నారు కదా, తిప్పింది ఈ చెయ్యే. ఒకసారి ఇలా ఇవ్వండి, సరిచేస్తాను.

ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసింది. ఇంక దాచడానికేముంది? అటు తిరిగి తీసి నా అరచేతిలో పెట్టింది. నేను చేసిన పళ్ళు నోట్లోంచి నా చేతికి రావడం ఇదే మొదటిసారి. మైనం చెమటపట్టినట్టుంది. పక్క టీ కొట్టులో చెంచా అడిగి పొయ్యి మీద కాల్చాను. చెంచా వెనక వైపుతో మైనం కరిగించి, పన్ను మళ్ళీ నిలబెట్టి, మెలి సరిచూసి, కుళాయి కింద పట్టాను. నీళ్ళు కూడా వేడిగానే వస్తున్నాయి. టీ కొట్టువాడి సోడా సీసాల తొట్టిలో ముంచాను. వాడు చూశాడు. ఏమీ అడగలేదు. దేవుడు చల్లగా చూడాలి వాణ్ణి.

మైనం గట్టిపడేలోపు ఆవిడ రుమాలు చాటు నుంచి చెప్పింది. పళ్ళు లేని మాట, అయినా అర్థమైంది. పాత సెట్టు కడుగుతుంటే చెయ్యి జారి సింకులో పడి రెండు ముక్కలయిందట. ఈ మైనం సెట్టు చెల్లెలికి చూపిద్దామని అడిగి తెచ్చుకుందట. ఆ సాయంత్రమే టూర్ కంపెనీ ఫోన్, రేపే చేరాలని. పళ్ళు వెనక్కి ఇస్తే వారం పదిరోజులు బోసినోరు. బోసినోటితో గైడేమిటి? రేపు ఇచ్చేద్దాం, ఎల్లుండి ఇచ్చేద్దాం అనుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు వెళ్తే దొంగతనం అంటారేమోనని ఫోన్ కూడా ఎత్తడం లేదు. జీవితమంతా అద్దాల గదిలో కూర్చుని మాట్లాడానమ్మా, ఒక్కసారి మనుషుల మధ్య నిలబడి మాట్లాడాలని నా కోరిక అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పళ్ళు మాత్రం గట్టిగా పట్టుకునే ఏడ్చాను.

మేం తిరిగి వచ్చేసరికి అత్తయ్య కథలో ట్రాఫిక్‌లో మంత్రిగారి కారు ఇరుక్కుంది. మంత్రిగారు స్వయంగా దిగి నిప్పు ఊదుతున్నాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి వింటున్నారు. భట్టీవాడైతే, ఈ ముక్క మా తాత నాకు చెప్పలేదే అని బాధపడ్డాడు.

టూర్ అయిపోయింది. గండం అవలేదు. తీర్పుల ఆయన రాసిన రివ్యూ కంపెనీ మేనేజరమ్మ చదివిందట. గైడ్ తినని తిండి మేమెందుకు తినాలి అని రాశాడు. మంగళవారం మేనేజరమ్మ టూర్‌తో వస్తుందట. ప్రతి చోటా గైడ్ ముందు తిని చూపించాలట. సోమవారం టూర్‌కి సెలవు.

మధ్యలో ఉన్నది ఒక్క రోజు. మాస్టారికి చెప్పక తప్పదు.

మే 12, సోమవారం, పొద్దున

చెప్పాను. ముందు నన్ను తిట్టారు, తర్వాత క్లినిక్‌ని, తర్వాత ఎండని. వారం పట్టే పని పూటలో ఎలా అవుతుంది, పంటి నొప్పి అన్నావు చూడు, ఆ నొప్పి ఇదేనా అన్నారు. అంటూనే గ్యాస్ వెలిగించారు. ఆ అర ఖాళీ చేయాలని ఆయనకి నాకంటే ఎక్కువ తొందర.

క్లినిక్‌కి నేనే అనౌన్సరమ్మని తీసుకెళ్ళాను. డాక్టరుగారు మైనం సెట్టు చూసి, పై వరస కింది వరస మీద సరిగ్గా కూర్చుందని ఒప్పుకుని, తర్వాత మా ఇద్దరికీ కలిపి పెట్టారు చీవాట్లు. దొంగతనం మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిణ్ణి మా ఇంట్లో అత్తయ్య దగ్గర దింపి సెట్టు లాబ్‌కి తెచ్చాను.

మాస్టారు భూతద్దం పెట్టి చూసి, ఈ అతుకేమిటి, ఎవడో చెంచాతో చేసినట్టుంది అన్నారు. చెంచాతోనే అన్నాను.

మే 12, సాయంత్రం

మైనం సెట్టుని ఇనప డబ్బాలో ప్లాస్టర్ పోసి మూస్తాం. మరిగే నీళ్ళలో పెడితే మైనం పోతుంది, పళ్ళు ప్లాస్టర్‌ని పట్టుకుని ఉంటాయి. ఆ ఖాళీలో గులాబీ రంగు ముద్ద కూరి, బిగించి, మళ్ళీ ఉడికించాలి. ఇడ్లీ అయితే మూత తీసి చూడొచ్చు. ఇది చల్లారే వరకూ తీయకూడదు, తీస్తే వంకరపోతుంది. నేను డబ్బా చుట్టూ తిరుగుతుంటే మాస్టారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చోలేదు. విప్పాక మెలి పన్ను మాత్రం నేనే మెరుగుపెట్టాను. ఆయన్ని ముట్టుకోనివ్వలేదు.

క్లినిక్‌లో ఈసారి లోపలికి వెళ్ళాను. మా వాళ్ళెవరూ వెళ్ళరు. డాక్టరుగారు పెట్టారు. ఒకటి రెండు చోట్ల ఒత్తుకుంటుంటే అరగదీశారు. ఆవిడ అద్దం చూసుకుంది. ముందు ఎడమ పక్కకి తిరిగింది. మెలి పన్ను మీద నాలుక తిప్పింది. ఆ తర్వాత ఏమనుకుందో, ఫలానా రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది అని పూర్తి గొంతుతో అనేసింది. వెయిటింగ్ రూములో ఒకాయన లేచి నిలబడ్డాడు.

నాకు ఏడుపొచ్చింది. పదేళ్ళలో ఎన్ని నోళ్ళకి పళ్ళు చేశానో, ఒక్కదాన్నీ మాట్లాడుతుంటే చూడలేదు. ఎందుకేడుస్తున్నావని డాక్టరుగారు అడిగారు. జలుబన్నాను.

జాగ్రత్తలు చెప్పాను. చిన్న ముక్కలు, రెండు వైపులా నమలాలి, ముందు పళ్ళతో కొరకొద్దు, గట్టివాటి జోలికి పోవద్దు. కొత్త చెప్పులు కరిచినట్టు కరుస్తుంది, ఓర్చుకోవాలి.

అత్తయ్య ఇవాళ చాలా సంతోషంగా ఉంది. పగలంతా ఆవిడ బోసినోరు విప్పలేదు, అత్తయ్య మూయలేదు. నా మాట చివరిదాకా విన్న మనిషి ఈ ఇంటికి ఇన్నాళ్ళకి వచ్చింది అంది. ఆ మాట నన్నూ ఈయన్నీ కలిపి అన్నది.

మే 13, మంగళవారం

సెలవు దొరకలేదు. నిన్న పక్కన పెట్టిన కేసులన్నీ నా బల్ల మీదే. రోజంతా ఒక్క పన్ను తిన్నగా నిలబడలేదు. అత్తయ్య ఒక్కతే వెళ్ళింది. ఇంటికొచ్చి ఏమైందని అడిగితే ముందు టీ పెట్టమంది. టీ పెట్టాను. పంచదార తక్కువంది. వేశాను. అప్పుడు కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది.

మేనేజరమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చిందట. రొట్టె దగ్గర అనౌన్సరమ్మ చిన్న ముక్క తుంపి, రెండు వైపులా నమిలి, బాగానే గట్టెక్కిందట. తర్వాత సూప్ బండి. పొగలు కక్కుతోంది. ఆవిడ ఈసారి వెనక్కి జరగలేదట. చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుందట. ఇన్నాళ్ళకి నోట్లోకి వేడిది పోయింది కదా పాపం. మేనేజరమ్మ ఎలా ఉందండీ అని అడిగిందట. నేర్పిన మాట ఉంది కదా, ఈ రాజధానిలో ఇంతకంటే మంచిది లేదు అనాలి.

అనౌన్సరమ్మ కళ్ళు తెరిచి, స్టేషన్ అంతటికీ వినిపించే గొంతుతో, ఉప్పు తక్కువ అందట.

ఇక్కడ అత్తయ్య ఆపి టీ తాగింది. నేను చచ్చిపోతున్నానని తెలుసు ఆవిడకి.

సూప్ బండివాడు గరిటె దించేశాడట. జనం నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారట. మేనేజరమ్మ కళ్ళద్దాలు తీసి, తనూ ఒక చెంచా రుచి చూసి, అవును తక్కువే అందట. అంతకుముందున్న గైడ్లందరూ ఇదే సూప్‌ని ఇదే మాటతో పొగిడారు, నేనూ రుచి చూడకుండానే ఆ మాట రాసిచ్చాను అని ఒప్పుకుందట. ఉద్యోగం సంగతి మాత్రం నెలాఖరుకి చెబుతానందట.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అని అత్తయ్య కప్పు కింద పెట్టింది. అసలు ఆ సూప్‌లో ఉప్పు తక్కువని తనకి మొదటిరోజే తెలుసట.

మే 17, శనివారం

సూప్ బండివాడు ఇప్పుడు అనౌన్సరమ్మ వచ్చి రుచి చూసే వరకూ గుంపుకి వడ్డించడం లేదట. అలిగాడనుకున్నాం. కాదు, ఆవిడ కోసం మొదటి గిన్నె విడిగా పెడుతున్నాడట.

మే 23, శుక్రవారం

కింది చిగురు ఒత్తుకుంటోందని ఆవిడ క్లినిక్‌కి వెళ్ళకుండా లాబ్‌కి వచ్చేసింది. మాస్టారు ఇది పద్ధతి కాదని గొణిగి, డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి, తనే అరగదీసి ఇచ్చారు. ఆవిడ వెళ్ళేటప్పుడు మెట్ల మీద నిలబడి సందు అటూ ఇటూ చాలాసేపు చూసింది. ఏం చూస్తున్నారని అడిగితే, ఎంతమంది పడతారా అని అంది. నాకు అర్థం కాలేదు.

మే 30, శుక్రవారం

ఉద్యోగం ఖాయం! అత్తయ్య వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చింది. మేనేజరమ్మ ఇంకోటి కూడా అందట: నేర్పిన మాటలు చాలు, టూర్‌లో మీకు నచ్చిన చోటు ఒకటి మీరే కలుపుకోండి అని. ఏ చోటో అనౌన్సరమ్మ నాకు చెప్పలేదు. అత్తయ్యకి తెలుసు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఇది మాత్రం నానుతోంది. ఈయన ఆనె కాలితోనే వెళ్ళి స్వీట్లు తెచ్చారు. ఈసారి ఎడమ కాలు.

మే 31, శనివారం

సాయంత్రం కింద సందులోంచి స్టేషన్ గొంతు వినిపించింది. మాస్టారు మెషీన్ ఆపేశారు. కిటికీ తీశాను. సైకిళ్ళ మధ్య ఇరుకు ఇరుగ్గా ఒక గుంపు, అందరూ తలలెత్తి మా మేడ వైపు చూస్తున్నారు. ముందు వరసలో అత్తయ్య. అనౌన్సరమ్మ చెయ్యెత్తి నన్ను చూపించి ఏదో చెప్పింది. అందరూ ఒక్కసారి నా వైపు పళ్ళు ఇకిలించారు.

చేతుల నిండా మైనంతో నేనూ ఇకిలించాను.